‘లెట్ ఇట్ బి’లో మేరీ ఎవరు? నాలుగు కార్డుల పాటకి ఇంత పేరెందుకు?

ప్రశ్న అడిగిన తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతూ ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడట. అడిగినవి మూడు. ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ పాడిన ‘లెట్ ఇట్ బి’లో ‘మదర్ మేరీ’ అంటే మరియమ్మేనా, వాళ్ల సంఘంలో మరియమ్మ పాటలు పాడరు కాబట్టి యూత్ కూడికలో వాయిస్తే గొడవవుతుందా అన్నది మొదటిది. నాలుగు కార్డులు (కలిపి నొక్కే స్వరాల గుంపులు, chords) ఉన్న పాటకి ఇంత పేరేమిటన్నది రెండోది. కార్డులన్నీ కరెక్టుగా పడుతున్నా తను వాయిస్తే అది ఆ పాటలా ఎందుకు వినిపించట్లేదన్నది మూడోది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ మేరీ మరియమ్మ కాదు. పాట రాసిన పాల్ మెకార్ట్నీ కన్నతల్లి పేరు మేరీ. కానీ పాటలో చర్చి వాసన ఉందని మీకు అనిపించడం మాత్రం భ్రమ కాదు, అది నిజంగానే ఉంది. ఇక మీరు వాయిస్తే రాకపోవడానికి కారణం రెండు విషయాలై ఉంటాయి: ఎడమచేత్తో తక్కువ వాయిస్తున్నారు, కుడిచేత్తో ఎక్కువ వాయిస్తున్నారు. నేను ఇరవై నాలుగేళ్లుగా కీబోర్డు నేర్పుతున్నాను. ఈ పాట తెచ్చిన ప్రతి కుర్రాడి దగ్గరా ఇదే చూశాను కాబట్టి మీ వాయింపు వినకుండానే చెప్తున్నాను. తప్పయితే క్షమించండి.

మేరీ సంగతి మొదట. విజయవాడ, గుంటూరు వైపు పెరిగినవాళ్లకి ఆ పేరు వినగానే గుణదల కొండ గుర్తుకొస్తుంది. నేనూ పదో తరగతిలో క్యాసెట్‌లో మొదటిసారి విన్నప్పుడు ఇది ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్) వాళ్ల పాట అనే అనుకున్నాను. అసలు కథ వేరు. మేరీ మెకార్ట్నీ లివర్‌పూల్‌లో నర్సు, ఇళ్లకి వెళ్లి కాన్పులు చేసే మిడ్‌వైఫ్. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక 1956 అక్టోబర్ 31న పోయింది. అప్పటికి పాల్‌కి పద్నాలుగేళ్లు.

పన్నెండేళ్ల తర్వాత, 1968లో, బీటిల్స్ లోపల్లోపల విడిపోతున్న రోజుల్లో, టెన్షన్‌తో సరిగా నిద్రలేని ఒక రాత్రి ఆవిడ కలలోకి వచ్చింది. అంతా సర్దుకుంటుంది, కంగారు పడకు అన్న ధోరణిలో మాట్లాడింది. ఆవిడ అచ్చంగా ‘లెట్ ఇట్ బి’ అనే మాటే అన్నదో లేదో తనకి గుర్తులేదు కానీ ఆవిడ చెప్పిన దాని సారం అదేనని పాల్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. లేచి పాట రాశాడు.

ఆ మాటని తెలుగులో ఏమంటారని నన్ను పిల్లలు అడుగుతుంటారు. ‘అలా ఉండనివ్వు’ అంటే డిక్షనరీలా ఉంటుంది. బయట ఎవరితోనో గొడవపడి ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని కూర్చుంటే అమ్మ కంచం ముందు పెట్టి ‘పోనీలేరా’ అంటుంది చూడండి, అదీ మాట. అందులో ఓడిపోవడం లేదు, వేదాంతం కూడా లేదు. ముందు అన్నం తిను, తర్వాత చూద్దాం అన్నట్టుంటుంది.

కానీ చర్చిలో పెరిగిన చెవికి ఇంకో మాట కూడా వినిపిస్తుంది. లూకా సువార్త మొదటి అధ్యాయంలో దేవదూతతో మరియ అనే మాట ఉంది కదా, ‘నీ మాట చొప్పున నాకు జరుగును గాక’ అని. మేరీ అనే పేరు, పక్కనే జరగనివ్వు అనే మాట, రెండూ ఒకచోట పడేసరికి సగం ప్రపంచం దీన్ని భక్తి పాటగానే విన్నది. పాల్ తల్లి కతోలిక్ కుటుంబం నుంచి వచ్చిన మనిషి, పాల్‌కి కూడా చిన్నప్పుడు కతోలిక్ బాప్తిస్మం ఇప్పించారు. అయినా అతను ఈ పాటని భక్తితో రాశానని ఎక్కడా చెప్పుకోలేదు. ఎవరైనా అలా తీసుకుంటే తనకి అభ్యంతరం లేదని మాత్రం అన్నాడు. నా మటుకు నేను ‘పోనీలేరా’ వైపే ఉంటాను. రెండోదీ తప్పు కాదు.

ఇంకో అపోహ కూడా ఉంది. బీటిల్స్ 1968 మొదట్లో రిషీకేశ్‌లో మహర్షి ఆశ్రమంలో ఉన్నారు కాబట్టి ఇది అక్కడి వేదాంతం అని కొందరు రాస్తుంటారు. వాళ్లు అక్కడ చాలా పాటలు రాసిన మాట నిజమే, వాటిలో చాలావరకు అదే ఏడాది వచ్చిన తెల్ల అట్ట ఆల్బమ్‌లోకి వెళ్లాయి. ఈ కల మాత్రం తిరిగొచ్చాక, ఆ ఆల్బమ్ రికార్డు చేస్తున్న రోజుల్లోది.

రికార్డింగ్ కథ తెలిస్తే వాయింపు మారుతుంది, అందుకే కాస్త చెప్తాను. 1969 జనవరిలో వీళ్లు ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో కెమెరాల ముందు రిహార్సల్స్ మొదలుపెట్టారు. చలి, పొద్దున్నే షూటింగులు, మాటామాటా అనుకోవడం. పదో తేదీన బ్యాండులో గిటార్ వాయించే జార్జ్ హారిసన్ లేచి వెళ్లిపోయాడు. తర్వాత తిరిగొచ్చాడు, మకాం లండన్‌లో సవిల్ రో వీధిలోని వాళ్ల సొంత ఆఫీసు బేస్‌మెంట్‌కి మారింది. అక్కడికి 22న బిల్లీ ప్రెస్టన్ వచ్చాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. చిన్నతనం నుంచి చర్చిలో ఆర్గాన్ వాయించి, పదేళ్ల వయసులోనే గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ వెనక వాయించిన మనిషి అతను. ఈ పాటలో మీకు దూరంగా వినిపించే ఆర్గాన్ అతని చేయే. చర్చి వాసన అన్నాను చూశారా, సగం అక్కడి నుంచే వస్తుంది.

30న ఆ ఆఫీసు డాబా మీద కచేరీ చేశారు. అది లోకానికంతా తెలుసు. ఈ పాట అందులో లేదు. గ్రాండ్ పియానోతో పాడే పాట డాబా మీద గాలిలో, ఆ ఎలక్ట్రిక్ మోతలో ఇమడదు. అందుకని మర్నాడు, అంటే 31న, కింద బేస్‌మెంట్‌లో కూర్చుని తీశారు. జర్మన్ కంపెనీ బ్లూత్నర్ చేసిన పియానో, 27వ టేక్. మనం ఇవాళ వినే రెండు రకాల రికార్డులకీ అదే పునాది.

రెండు రకాలు అన్నాను కదా. మీరు ఏది విని నేర్చుకుంటున్నారో చూసుకోండి. 1970 మార్చి 6న విడుదలైన సింగిల్‌ని (విడి పాటగా వచ్చిన రికార్డుని) నిర్మాత జార్జ్ మార్టిన్ చూసుకున్నాడు. మే 8న వచ్చిన ఆల్బమ్‌లోది ఇంకో నిర్మాత ఫిల్ స్పెక్టర్ మిక్స్ చేశాడు. తేడా గిటార్ సోలో దగ్గర పట్టుకోవచ్చు. సింగిల్‌లో సోలో మెత్తగా, తిరుగుతున్న స్పీకర్‌లోంచి వచ్చినట్టు వణుకుతూ ఉంటుంది. ఆల్బమ్‌లో అది గరుకుగా, కోపంగా ఉంటుంది. అది హారిసన్ 1970 జనవరి 4న విడిగా వాయించింది. ఆ రోజు జాన్ లెనన్ స్టూడియోలో లేడు. పియానో నేర్చుకునేవాళ్లకి నేను సింగిలే ఇస్తాను. ఆల్బమ్‌లో డ్రమ్స్, ఇత్తడి వాద్యాలు ముందుకొచ్చి పియానోని కొంచెం మింగేస్తాయి.

లెనన్‌కి ఈ పాట అంతగా ఎక్కలేదు. ఆల్బమ్‌లో పాటకి ముందు అతని గొంతు వినిపిస్తుంది, ఇప్పుడు దేవదూతలు వచ్చే పాట పాడతాం అని పిల్లాడిలా సన్నని గొంతుతో వెక్కిరిస్తూ. తల్లిని కోల్పోయినవాడే అతనూ, 1958లో, పదిహేడేళ్లప్పుడు. అందుకే ఆ వెక్కిరింత విన్నప్పుడల్లా నాకు నవ్వు రాదు. 1980లో ఒక ఇంటర్వ్యూలో ఇది పాల్ పాట, బీటిల్స్‌కి సంబంధం లేదు, సైమన్ అండ్ గార్ఫంకెల్ ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ విని రాసుంటాడు అన్నాడు. తేదీలు ఒప్పుకోవు. ఆ పాట బయటికి వచ్చింది 1970 జనవరిలో, ఇది టేపు మీదకి ఎక్కింది అంతకు ఏడాది ముందు.

ఇప్పుడు కీబోర్డు దగ్గరికి వద్దాం.

చరణం కార్డులు సి, జి, ఎ మైనర్, ఎఫ్. తర్వాత సి, జి, ఎఫ్, సి. ఈ నాలుగూ బీటిల్స్ కనిపెట్టినవి కావు. ఆ వరుస ఆ తర్వాత పాప్ పాటల్లో ఎంత అరిగిపోయిందంటే ఇవాళ మన యూత్ ఆరాధన పాటలు చాలావాటికి అవే కార్డులు. కాబట్టి గొప్పతనం కార్డుల్లో వెతక్కండి. ఎఫ్ నుంచి సికి వచ్చే దారిలో వెతకండి.

మీరు బహుశా ఎఫ్ నొక్కి, సి నొక్కి ఊరుకుంటున్నారు. పియానోలో మధ్యలో రెండు మెట్లున్నాయి. ఎడమచేతి బాస్ ఎఫ్, ఇ, డి, సి అని దిగుతుంది. పైన కుడిచేతిలో ఎఫ్ కార్డు, సి కార్డు, డి మైనర్, మళ్లీ సి. అంటే రెండోచోట కార్డు సి అయినా ఎడమచేయి సి మీద కాదు, ఇ మీద ఉండాలి. సంగీతం నేర్చుకున్నవాళ్లకి తేలిగ్గా చెప్తాను: సిని షడ్జమం అనుకుంటే స్కేలు శంకరాభరణం, ఆ బాస్ నడక ‘మ గ రి స’. సరళి వరుసల్లో రోజూ పాడే అవరోహణ తోకలోని స్వరాల పేర్లే అవి, అక్కడ రాగం మాత్రం మాయామాళవగౌళ. అమ్మ మెట్లు దిగి వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుందని నేను పిల్లలకి చెప్తాను. కొంచెం అతిగా ఉన్నా, అలా చెప్తే ఎవరూ మర్చిపోరు.

ఈ ఎఫ్ నుంచి సికి రావడమే చర్చిలో కీర్తన చివర ‘ఆమేన్’ పాడేటప్పుడు వచ్చే కదలిక. రేపు ఆదివారం గమనించండి. చర్చి వాసనలో మిగతా సగం ఇదే. పాటలో ప్రతి వాక్యం ఒక చిన్న ఆమేన్‌తో ముగుస్తున్నట్టే.

పాట మధ్యలో గొంతు ఆగి పియానో, ఆర్గాన్ మాత్రమే దిగే చోట ఒక బి ఫ్లాట్ కార్డు వస్తుంది. దాన్ని చాలామంది వదిలేస్తారు. వదలొద్దు. అప్పటిదాకా స్కేలు బయటికి అడుగుపెట్టని పాట అక్కడ ఒక్కసారి కాకలి నిషాదం (బి) వదిలి కైశికి నిషాదం (బి ఫ్లాట్) ముట్టుకుంటుంది. ఒక్క క్షణమే. దాంతో తర్వాత వచ్చే సి ఇంటికొచ్చినట్టుంటుంది.

కుడిచేతి సంగతి. బీటుకి ఒకసారి కార్డు నొక్కడం, నాలుగు బీట్లకి నాలుగుసార్లు, దాదాపు అంతే. కార్డుని విడివిడి స్వరాలుగా విరిచి అర్పీజియోలు వేయకండి, మధ్యలో ఖాళీ దొరికిందని గబగబా స్వరాల పరుగులు (రన్స్) వేయకండి. చర్చి వాయింపులో మనకో అలవాటు ఉంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నా వెనక ఏదో ఒకటి వాయిస్తూనే ఉంటాం, నిశ్శబ్దం వస్తే తప్పు చేసినట్టు భయం. ఆ అలవాటు ఈ పాటకి పనికిరాదు. రికార్డులో మొదటి చరణమంతా పియానో, గొంతు తప్ప ఇంకేమీ లేవు, మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరతారు. సస్టెయిన్ పెడల్ ఉంటే కార్డు మారిన ప్రతిసారీ వదిలి మళ్లీ తొక్కండి. మెట్ల దగ్గర పెడల్ పట్టుకునే ఉంటే నాలుగు మెట్లూ కలిసి బురదవుతాయి. స్టైల్స్ (కీబోర్డులో దానంతటదే వచ్చే బీట్లు) జోలికి వెళ్లొద్దు. టోన్ గ్రాండ్ పియానో. రెండో చరణం నుంచి కావాలంటే ఆర్గాన్ టోన్ లేయర్ చేసి వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టండి, ఉందో లేదో తెలియనంత.

స్టైల్స్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అవమానం ఒకటుంది. డిగ్రీలో ఉన్నప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో ఈ పాట నేను, పాడటానికి ఇంకో ఫ్రెండు. లైట్లు తగ్గించారు, హాలు సద్దుమణిగింది. నాకంటే ముందు వాయించినవాడు సింక్ స్టార్ట్ (కీ నొక్కగానే బీటు మొదలయ్యే బటన్) ఆన్‌లో వదిలి వెళ్లాడని నాకు తెలియదు. మొదటి సి కార్డు నొక్కగానే డిస్కో బీటు మొదలైంది. కంగారులో స్టాప్ బదులు ఫిల్-ఇన్ నొక్కాను, అది ఇంకా రెచ్చిపోయింది. హాలంతా ఒకటే ఈలలు. నా ఫ్రెండు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ‘పోనీలేరా’ అని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

పెద్దవాళ్లకీ జరిగాయి ఇలాంటివి. 1985 జూలై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ కచేరీలో పాల్ పియానో ముందు కూర్చుని ఈ పాటే మొదలుపెట్టాడు, మైకు పనిచేయలేదు. దాదాపు రెండు నిమిషాలు పియానో వినిపిస్తోంది, గొంతు లేదు. స్టేడియంలో జనమే అందుకుని పాడారు. ఈ పాట పేరు గురించి అడిగారు కదా, నాకు తెలిసిన జవాబు ఆ రెండు నిమిషాల్లో ఉంది. పాడేవాడి గొంతు లేకపోయినా పాట నడిచింది. ఎక్కువ వాయించి, ఎక్కువ పాడి నిలబెట్టిన పాటైతే అక్కడే కూలిపోయేది.

ఇక చార్టుల లెక్క. అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. సొంత దేశంలో రెండో స్థానంలోనే ఆగిపోయింది, పైన లీ మార్విన్ అనే సినిమా నటుడు గరగర గొంతుతో పాడిన ‘వాండ్రిన్ స్టార్’ కూర్చుంది. సింగిల్ వచ్చిన ఐదు వారాలకే, ఏప్రిల్ 10న, పాల్ బ్యాండులోంచి బయటికి వచ్చేశాడన్న వార్త పేపర్లకెక్కింది. దాంతో ఇది వీడ్కోలు పాటగా జనం మనసులో ముద్రపడిపోయింది. రాసింది వీడ్కోలుకి కాదు, రికార్డు చేసింది అంతకు ఏడాది ముందు. అయినా కాలం అలా కలిసొచ్చింది.

నల్లజాతి చర్చి గొంతులో దీన్ని వినాలంటే అరీథా ఫ్రాంక్లిన్ పాడింది వినండి. ఆవిడ డెట్రాయిట్‌లో బాప్టిస్టు పాస్టరు గారమ్మాయి. తమాషా ఏమిటంటే ఆవిడ పాడిన రికార్డు 1970 జనవరిలోనే ఆల్బమ్‌లో వచ్చేసింది, బీటిల్స్ సింగిల్ కంటే ముందు. గాస్పెల్ నుంచి అరువు తెచ్చుకున్న పాట అసలు ఇంటికి ముందే చేరిపోయిందన్నమాట. చర్చిలో వాయించేవాళ్లు పాల్ కంటే ఆవిడ దగ్గరే ఎక్కువ నేర్చుకోవచ్చు.

తర్వాత 1987లో బెల్జియం తీరంలో, జీబ్రగ్గ రేవు దగ్గర ఒక ఫెర్రీ బోల్తాపడి 193 మంది చనిపోతే, బాధితుల కుటుంబాల కోసం చాలామంది కళాకారులు కలిసి ఈ పాటనే మళ్లీ పాడారు. అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ప్రమాదం జరిగింది మార్చి 6న, పదిహేడేళ్ల కిందట ఇదే సింగిల్ విడుదలైన తేదీ. 2018లో ఒక టీవీ షో కోసం జేమ్స్ కోర్డెన్‌తో కారులో లివర్‌పూల్ తిరుగుతూ పాల్ ఈ కల కథ చెప్పి పాట పాడితే కోర్డెన్ ఏడ్చేశాడు. ఆ వీడియో దొరికితే చూడండి. 2021లో పీటర్ జాక్సన్ విడుదల చేసిన ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీలో ఈ పాట రిహార్సల్స్ ఉన్నాయి, మాటలు పూర్తిగా కుదరకముందు నుంచి. కీబోర్డు వాయించేవాళ్లు దాన్ని ఓపిగ్గా చూడాలి.

కూడికలో వాయించవచ్చా అన్నదానికి నా అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట నా దగ్గర నేర్చుకునే ఒకబ్బాయి వాళ్లమ్మ పోయింది. ఆదరణ కూడికలో ఇదే వాయిస్తానన్నాడు. ఆవిడ పేరు మేరీ కూడా కాదు. సంఘంలో ఒకరిద్దరు పెద్దలు వెంటనే మీరడిగిన ప్రశ్నే అడిగారు. నేను పాస్టరు గారి దగ్గరికెళ్లి, పాట రాసినవాడికి పద్నాలుగేళ్లప్పుడు తల్లి పోయిందని, కలలోకి వచ్చిందని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, మాటలు లేకుండా వాయించమనండి, ఈ సంగతి నేనే చెప్తాను అన్నారు.

ఇంటి ముందు షామియానా. నేల ఎగుడుదిగుడుగా ఉండి కీబోర్డు స్టాండు ఒక పక్కకి ఊగుతుంటే ఎవరో కుర్రాడు కింద పాటల పుస్తకం పెట్టాడు. ఒక పెద్దాయన అది చూసి, పుస్తకం తీయించి, కళ్లకద్దుకుని, అట్టముక్క మడిచి పెట్టించారు. మావాడు వాయించాడు. క్లాసులో వాడికి మెట్లు ఎప్పుడూ తొందరగా వచ్చేసేవి, పరిగెత్తినట్టు. ఆ రోజు మాత్రం ఒక్కో మెట్టు మీద ఆగాడు. ముందు వరసలో వాళ్ల నాన్న రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కింద అట్టముక్క వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరూ గొడవ చేయలేదు.

కాబట్టి మీరు చేయాల్సిందల్లా ముందే వెళ్లి పాస్టరు గారికి కథ చెప్పడం. ఆరాధన సమయంలో దేవుణ్ని స్తుతించే పాటగా పెట్టకండి, అది ఆ పాట కాదు. సాక్ష్యాల తర్వాతో, పరీక్షలకి వెళ్లే పిల్లల కోసం ప్రార్థన చేసే ముందో పెడితే బాగుంటుంది. ఆయన వద్దంటే వద్దు, ఇంట్లో వాయించుకోండి.

పాడేవాళ్లకి కోరస్ పైన అందకపోతే ఎ స్కేలుకి దించండి. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కకుండా చేత్తోనే నేర్చుకోండి, అప్పుడు మెట్లు డి, సి షార్ప్, బి, ఎ అవుతాయి. ముందు వారం రోజులు ఎడమచేయి ఒక్కటే వాయిస్తూ మీరే పాడండి. అది కుదిరాక కుడిచేయి కలపండి. కూడిక రోజున మొదటి కార్డు నొక్కేముందు సింక్ స్టార్ట్ లైటు ఆరి ఉందో లేదో చూసుకోండి.